24 శాతం వడ్డీ చేతికొచ్చేసరికి ఎంత? పీటుపీ అప్పుల లెక్క నేను చూసుకునే పద్ధతి

2023 ఏప్రిల్ మొదటి వారంలో ఒక పీటుపీ యాప్ (బ్యాంకు లేకుండా మనలాంటి వాళ్ళు తెలియని వాళ్ళకు నేరుగా అప్పిచ్చే చోటు) ద్వారా 40 మందికి తలా 5,000 చొప్పున మొత్తం 2 లక్షలు అప్పిచ్చాను. అందరికీ ఏడాది గడువు, అందరిదీ 24 శాతం వడ్డీ. మా ఊళ్ళో చెప్పుకునే లెక్కలో నూటికి రెండు రూపాయలు. జులై చివర యాప్ తెరిస్తే నా రాబడి 23.1 శాతం అని ఆకుపచ్చ అక్షరాల్లో కనిపించింది. సంతోషంగా మా ఆయనకు చూపించాను. ఏడాది తిరిగాక, యాప్ ఫీజు పోను నా బ్యాంకు ఖాతాలో నిజంగా పడిన డబ్బుతో లెక్క వేస్తే తేలింది 7.5 శాతం. ఆదాయపు పన్ను కట్టాక మిగిలింది 2.4.

యాప్‌లో ఉన్నది తప్పుడు అంకె అని నేను అనను. అది అప్పుల మీద వడ్డీని కొలుస్తోంది. నాకు కావలసింది నా డబ్బు మీద రాబడి. ఈ రెండూ ఎక్కడెక్కడ విడిపోతాయో, ఇంట్లో కూర్చుని ఒక షీట్‌లో ఎలా తేల్చుకోవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను. రిటైరైన డబ్బు తెచ్చి ఇందులో పెడుతున్న వాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు ఈ లెక్క ఒక్కసారైనా వేసుకోవాలని నా కోరిక.

మండపేటలో ఒక రైస్ మిల్లులో 19 ఏళ్ళుగా అకౌంట్స్ రాస్తున్నాను. క్వింటా ధాన్యం ఆడిస్తే ప్రభుత్వానికి అప్పగించాల్సిన పచ్చిబియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. మిగతాది ఊకలోకీ తవుడులోకీ పోతుంది. ధాన్యం తూకాన్ని బియ్యం ఖాతాలో రాసే గుమస్తా మా మిల్లులో ఒక్క రోజు కూడా ఉండడు. పీటుపీలో వడ్డీ రేటు ధాన్యం తూకం. మనం రాసుకోవాల్సింది బియ్యం.

నూటికి రెండు రూపాయలు, కానీ ఎన్నాళ్ళు?

మా నాన్న ప్రోనోటు మీద అప్పులిచ్చేవారు. 5,000 ఇస్తే ఏడాది చివర 1,200 వడ్డీ, 5,000 అసలు కలిపి వచ్చేవి. అసలంతా ఏడాదంతా బయటే ఉండేది. పీటుపీలో అలా కాదు. ప్రతి నెలా వాయిదాలో కొంత అసలు కూడా తిరిగి వచ్చేస్తుంది. 5,000 అప్పుకు 24 శాతం మీద 12 నెలల వాయిదా 472 రూపాయల 80 పైసలు. మొత్తం 12 వాయిదాలు కలిపితే 5,674. అంటే వడ్డీ 674 మాత్రమే. 1,200 ఎక్కడికీ పోలేదు. రెండో నెల నుంచి వాళ్ళ దగ్గరున్న అసలు తగ్గుతూ వచ్చింది, దాంతోపాటే వడ్డీ కూడా తగ్గింది.

తిరిగొచ్చిన డబ్బును వెంటనే మళ్ళీ అప్పివ్వగలిగితేనే 24 శాతం నిలబడుతుంది. నేను పెట్టిన రోజుల్లో అది ఎస్క్రో ఖాతాలో (ఇచ్చేవాళ్ళకూ తీసుకునేవాళ్ళకూ మధ్య డబ్బు ఆగే ఖాతా) ఊరికే పడి ఉండేది. సరైన అప్పు దొరికేది కాదు, లేదా కనీస మొత్తానికి సరిపోయేది కాదు, లేదా మనమే వారం రోజులు యాప్ తెరిచేవాళ్ళం కాదు.   యాప్ రాబడి లెక్కలో అలా పడి ఉన్న డబ్బు ఊసే లేదు.

గుమ్మం దాటిన డబ్బే లెక్క

ఇక షీట్. గూగుల్ షీట్ అయినా ఎక్సెల్ అయినా పర్వాలేదు. రెండు నిలువు వరుసలు చాలు, ఒకదానిలో తేదీ, రెండోదానిలో మొత్తం. నా బ్యాంకు ఖాతా నుంచి యాప్‌కు వెళ్ళిన ప్రతి రూపాయికీ ముందు మైనస్ గుర్తు పెడతాను. యాప్ నుంచి నా బ్యాంకు ఖాతాకు వచ్చిన దానికి గుర్తు ఉండదు. యాప్ లోపల జరిగేది ఏదీ ఇందులో రాయను. వాయిదాగా వచ్చిన డబ్బును లోపలే మళ్ళీ అప్పిస్తే అది కొత్త పెట్టుబడి కాదు. ఇక్కడ పొరపాటు పడటం తేలిక. మళ్ళీ ఇచ్చిన ప్రతి అప్పునూ మైనస్‌గా రాస్తే లెక్క గజిబిజి అయిపోతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తే రాయండి, కనిపించకపోతే వదిలేయండి.

నా మొదటి 2 లక్షలకు షీట్ ఇలా ఉంది. మొదటి అడ్డు వరస ఏప్రిల్ 5, మైనస్ 2,00,000. ఆ విడత వాయిదాలను మళ్ళీ అప్పివ్వకుండా ప్రతి నెలా బ్యాంకుకు తెచ్చుకున్నాను. మే, జూన్, జులై నెలల్లో 18,255 చొప్పున వచ్చాయి. ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరులో 17,319 చొప్పున. నవంబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా 16,851 చొప్పున. పైసలతో సహా అన్నీ కలిపితే 2,07,824.

ఈ మెట్లు ఎందుకు దిగాయంటే, ఒకరు ఒక్క వాయిదా కూడా కట్టలేదు, ఇద్దరు మూడు కట్టి ఆగిపోయారు, ఒకరు ఆరు కట్టి ఆగిపోయారు. మిగతా 36 మంది ఒక్క నెల కూడా తప్పలేదు. వాళ్ళకు నిజంగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి. యాప్ ఫీజు వసూలైన ప్రతి వాయిదాలో 1 శాతం, అది పట్టుకున్నాకే పై అంకెలు.

ఇప్పుడు ఎక్స్‌ఐఆర్‌ఆర్ (XIRR) అనే ఫంక్షన్ వాడాలి. బ్రాకెట్లలో ముందు మొత్తాల వరుస, కామా, తర్వాత తేదీల వరుస ఇస్తే ఏడాదికి ఎంత శాతం వచ్చిందో అదే చెప్తుంది. ఏ రోజు వెళ్ళింది, ఏ రోజు వచ్చింది అన్నది చూసి లెక్క కడుతుంది కాబట్టి దీన్ని బ్యాంకు ఎఫ్‌డీ రేటు పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. నాకు వచ్చింది 7.5. ఫీజు లేకపోతే 9.6 వచ్చేది. 1 శాతమే కదా అనుకున్న ఫీజు రాబడిలో రెండు శాతానికి పైగా పట్టుకుపోయింది. అది వడ్డీ మీద కాకుండా అసలు కూడా ఉన్న మొత్తం వాయిదా మీద పడింది, పైగా ఆ డబ్బు సగటున ఆరున్నర నెలలే బయట ఉంది. ఫీజు దేని మీద వేస్తున్నారో ముందే అడిగి తెలుసుకోండి.

పెట్టి ఆరు నెలలు కూడా కాకపోతే ఎక్స్‌ఐఆర్‌ఆర్ అంకెను పూర్తిగా నమ్మకండి. నాలుగు రోజుల తేడా కూడా ఏడాది లెక్కలో ఏనుగంత కనిపిస్తుంది.

బయట ఉన్న అప్పు విలువ ఎంత?

అన్నీ తీరిపోయాక లెక్క తేలికే. మధ్యలో చూసుకోవాలంటే చివరి వరసలో ఈరోజు తేదీ వేసి, ఇంకా రావాల్సిన డబ్బుకు ఒక విలువ రాయాలి. అసలు కష్టం ఇక్కడే. యాప్ బాకీ ఉన్న మొత్తాన్ని మొత్తంగానే చూపిస్తుంది. 85 రోజులుగా ఫోన్ ఎత్తని మనిషి 5,000 బాకీ, నిన్ననే వాయిదా కట్టిన మనిషి 5,000 బాకీ అక్కడ ఒకటే. 90 రోజులు దాటితేనే దాన్ని ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అంటారు. అప్పటిదాకా అది ‘ఆలస్యం’ అనే పేరుతో మంచి అప్పుల్లోనే ఉంటుంది.

నేను రూపాయికి ఎన్ని పైసలు అని విలువ కడతాను. ఇది నా సొంత కొలత, మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి. రోజు తప్పకుండా కడుతున్న వాళ్ళ బాకీకి 97 పైసలు. 1 నుంచి 30 రోజుల ఆలస్యానికి 80. 31 నుంచి 60 దాకా 50. 61 నుంచి 90 దాకా 25. ఆపైన సున్నా. సున్నా రాయడానికి మొదట్లో చేయి రాదు. అయినా రాయండి. తర్వాత వసూలైతే వచ్చిన తేదీన కలుపుకోవచ్చు. ఎస్క్రోలో ఖాళీగా ఉన్న డబ్బును మాత్రం పూర్తిగా కలపాలి.

ఆ జులై చివరి లెక్కను తర్వాత ఈ పద్ధతిలో వేసి చూశాను. 39 మంది దగ్గర తలా 3,859 అసలు ఉంది. ఒక్క వాయిదా కూడా కట్టని మనిషి దగ్గర 5,000. ఉన్నది ఉన్నట్టు వేస్తే 1,55,504, రాబడి 19.5 శాతం. నా కోతతో వేస్తే 1,47,239, రాబడి 3.6 శాతం. చివరికి తేలింది 7.5. కోత వేసిన లెక్కే నిజానికి చాలా దగ్గరగా ఉంది. ఆ రోజే ఇలా చూసి ఉంటే ఆగస్టులో ఇంకో 50,000 పెట్టాలన్న ఆలోచనే వచ్చేది కాదు. (మా పాప కాలేజీ ఫీజు అడ్డుపడి ఆ 50,000 పెట్టలేదు.)

విడతలు కలపకండి

మిల్లుకు వచ్చిన ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. 21 ఉన్న లోడు వస్తే దాన్ని 14 ఉన్న కుప్పలో కలిపితే సగటు బాగానే ఉంటుంది, కానీ లోపల ముక్కిపోవడం ఆగదు. అప్పులూ అంతే. లక్ష రూపాయల పాత అప్పుల్లో 10,000 మొండి బాకీ ఉంటే అది 10 శాతం. ఈరోజు ఇంకో లక్ష కొత్తగా ఇస్తే అదే 10,000 కాస్తా 5 శాతమైపోతుంది. ఒక్క రూపాయి వసూలు కాలేదు, అంకె మాత్రం సగమైంది. కొత్త అప్పు మొదటి నెలలో ఎలాగూ ఎగ్గొట్టినట్టు కనపడదు, ఎందుకంటే ఇంకా వాయిదా తేదీ రాలేదు.

ఈ చూపు మన అప్పులకే కాదు, ప్లాట్‌ఫామ్ చూపించే అంకెలకూ పనికొస్తుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం పీటుపీ సంస్థలు తమ అప్పుల తీరును, అందులో ఎన్‌పీఏల వాటాను నెల నెలా బయటపెట్టాలి. అది చూసేటప్పుడు వాళ్ళ మొత్తం అప్పులు ఎంత వేగంగా పెరుగుతున్నాయో కూడా పక్కనే చూడండి. వేగంగా పెరుగుతున్న చోట తక్కువ ఎన్‌పీఏ చూసి నేను నమ్మను.

అందుకే ఒక్కో నెలలో ఇచ్చిన అప్పులకు ఒక్కో పేజీ పెట్టాను. 2023 ఏప్రిల్ విడత పేజీలోకి 2024 జూన్ అప్పు రానివ్వను.

పన్ను దగ్గర అసలు దెబ్బ

ఈ భాగం నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది, కాబట్టి అంకెలతో చెప్తాను. ఆ 2 లక్షల మీద నాకు వచ్చిన వడ్డీ మొత్తం 25,289. ఎగ్గొట్టిన నలుగురి దగ్గర పోయిన అసలు 15,366. నికరంగా మిగిలింది 9,923, ఫీజు పోను 7,824. నేను 7,824 మీద పన్ను కట్టాలనుకున్నాను. మా ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. వడ్డీ ‘ఇతర ఆదాయం’ కింద వస్తుంది, పోయిన అసలును అందులోంచి తీసేయడానికి మనలాంటి వాళ్ళకు వీల్లేదని మొత్తం 25,289 మీదా కట్టించారు. నేను 20 శాతం శ్లాబులో ఉన్నాను, సెస్సుతో 20.8. పన్ను 5,260. 2 లక్షలకు చివరికి మిగిలింది 2,564 రూపాయలు. (చివరి వాయిదా తర్వాతి ఆర్థిక సంవత్సరంలో పడింది, దాన్నీ ఇక్కడే కలిపి చెప్తున్నాను.)

అదే సమయంలో మా బ్యాంకు ఎఫ్‌డీ 7 శాతం ఇచ్చింది. పన్ను పోను 5.5. ఎఫ్‌డీకి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. పీటుపీకి ఏ బీమా లేదు. అందుకే పోల్చేటప్పుడు ఎప్పుడూ పన్ను పోను అంకెను పన్ను పోను అంకెతోనే పోల్చండి. మీ శ్లాబు 30 శాతమైతే ముందు మీ లెక్క వేసి చూడండి, తర్వాతే యాప్ దింపుకోండి.

ఎగ్గొట్టిన వాళ్ళ నుంచి ఏం నేర్చుకోవచ్చు

ఒక్క రూపాయి కట్టకుండా ఒకరు ఎగ్గొడితే పోయేది 5,000. ఒక మంచి అప్పు ఏడాదికి ఇచ్చే వడ్డీ 674. అంటే ఒక్క ఎగవేత ఏడుగురి వడ్డీని మించి మింగేస్తుంది. 40 మందిలో ఐదుగురు మొదటి వాయిదా నుంచే ఎగ్గొడితే మిగతా 35 మంది పైసలతో సహా కట్టినా, ఫీజు లేదనుకున్నా, చేతికొచ్చేది 1,98,575. అసలుకే గండి. 24 శాతం అన్న మాట వినగానే ఈ ఐదుగురిని గుర్తు చేసుకుంటాను.

ఒక్కొక్కరికీ తక్కువ మొత్తం, ఎక్కువ మందికి ఇవ్వడం అందుకే. 2024 జూన్‌లో రెండో విడతగా లక్ష రూపాయలను 100 మందికి తలా వెయ్యి చొప్పున ఇచ్చాను. ఈసారి క్రెడిట్ స్కోరు బాగున్న వాళ్ళనే ఏరుకున్నాను, వడ్డీ 18 శాతమే. నలుగురు ఎగ్గొట్టారు, ఇద్దరు మొదటి నుంచీ, ఇద్దరు మూడు వాయిదాల తర్వాత. ఫీజు పోను 9.8 శాతం వచ్చింది. 24 శాతం అప్పులు 7.5 ఇస్తే 18 శాతం అప్పులు 9.8 ఇచ్చాయి. రేటు ఎక్కువ ఉన్నచోట ఎందుకు ఎక్కువ ఉందో మా నాన్న వాకబు చేసేవారు. ఆ మనిషి పొలం, పశువులు, అంతకుముందు ఎవరి దగ్గర తెచ్చాడు, అన్నీ. నాకు ఉన్నది ఒక స్కోరు, ఒక ఊరి పేరు, జీతం అంకె.

ఒక జాగ్రత్త చెప్పాలి. మొదటి విడతలో ఎగ్గొట్టిన నలుగురిలో ముగ్గురు జీతగాళ్ళు. ‘జీతగాళ్ళకు ఇవ్వకూడదు’ అని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను కూడా. తర్వాత చూస్తే ఆ 40 మందిలో 30 మంది జీతగాళ్ళే. నాలుగింట మూడు వంతుల మంది వాళ్ళే ఉన్నప్పుడు నాలుగు ఎగవేతల్లో మూడు వాళ్ళవి కావడంలో వింత లేదు. నోట్‌బుక్‌లో ఆ వాక్యం కొట్టేశాను. నలుగురైదుగురిని చూసి ఊరు, వృత్తి, వయసు మీద తీర్పులు చెప్పకండి. ఒక్క సంగతి మాత్రం వెంటనే పట్టించుకోవాలి, మొదటి వాయిదానే కట్టని అప్పులు. చేతిలో ఇబ్బంది వచ్చి ఆగిపోయేవాళ్ళు సాధారణంగా కొన్ని నెలలు కట్టి ఆగుతారు. మొదటి నెలే లేదంటే కట్టే ఉద్దేశమే లేదేమో, లేదా మనిషి వివరాలే సరిగా చూడలేదేమో. అలాంటివి పెరుగుతుంటే ఆ యాప్‌లో కొత్త డబ్బు పెట్టను.

రెండో విడతలో పన్ను పోను మిగిలింది 5.8 శాతం. ఎఫ్‌డీ 5.5. ఆ 0.3 కోసం వంద మంది వాయిదాలు చూసుకుంటూ, ఫోన్ మోగినప్పుడల్లా టెన్షన్ పడుతూ ఏడాది గడిపాను. పన్ను పోను ఎఫ్‌డీ కంటే కనీసం 3 శాతం ఎక్కువ రాకపోతే మళ్ళీ ఇవ్వకూడదని ముందే గీత గీసుకున్నాను. అందుకే మూడో విడత ఇవ్వలేదు.

పెట్టాలనుకుంటే ఈ నిబంధనలు తెలిసి పెట్టండి. పీటుపీకి రిజర్వు బ్యాంకు 2017 అక్టోబరులో నియమాలు తెచ్చింది. ఒకరు ఒకే అప్పుదారుకు అన్ని ప్లాట్‌ఫామ్‌లలో కలిపి 50,000కు మించి ఇవ్వకూడదు. అప్పు గడువు 36 నెలలు దాటకూడదు. మొత్తం మీద ఒకరి పరిమితి 50 లక్షలు, 10 లక్షలు దాటితే ఆస్తి విలువ కనీసం 50 లక్షలుందని సీఏ సర్టిఫికెట్ కావాలి. 2024 ఆగస్టులో నియమాలు బిగించారు. ఎప్పుడంటే అప్పుడు డబ్బు తీసుకోవచ్చనీ, ఇంత రాబడి ఖాయమనీ ప్లాట్‌ఫామ్ చెప్పడానికి వీల్లేదు. నష్టం వస్తే అది పూర్తిగా అప్పిచ్చిన మనదే. ఇప్పటికీ ఎవరైనా ‘గ్యారంటీ 12 శాతం’ అంటే అక్కడితో మాట ఆపేయండి.

2025 జూన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. మొదటి విడతలో మూడు వాయిదాలు కట్టి ఆగిపోయిన ఇద్దరిలో ఒకరి దగ్గర నుంచి 1,150 వసూలైందని. ఆ అప్పుకు నేను ఎప్పుడో సున్నా రాసేశాను. మా నాన్న ఇలాంటివి ప్రోనోటు వెనక తేదీ వేసి చెల్లు రాయించుకునేవారు. నేను 2023 ఏప్రిల్ పేజీ తెరిచి, చివర ఒక వరస చేర్చి, తేదీ వేసి 1,150 రాశాను. 7.5 ఉన్న గడిలో 8.5 కనిపించింది. మిగతా ముగ్గురి నుంచి ఇంకా ఏమీ రాలేదు.